పెరటి కోళ్లకు జన్యుమార్పిడి లేని దాణా: గోదావరి డెల్టాలో అసలు చిక్కు ఎక్కడుంది?

కిందటి దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక మా పెరట్లోని ఇరవై పెట్టలకు దాణా కొనడానికి వెళ్లినప్పుడు, దుకాణంలో పక్కపక్కనే నిలబెట్టిన రెండు మొక్కజొన్న సంచులకు కిలో దగ్గర తొమ్మిది రూపాయల తేడా చెప్పారు. ఎక్కువ ధర సంచి మీద ‘జన్యుమార్పిడి లేనిది’ అన్న కాగితం అతికించి ఉంది. రెండింటిలోనూ గింజ ఒకటే రంగు, ఒకటే పరిమాణం. రెండూ చింతలపూడి మెట్ట నుంచి ఒకే లారీలో దిగినవేనని అక్కడ మూటలు మోసే మనిషే చెప్పాడు. పిల్లలకు పెట్టే గుడ్డు విషయంలో జాగ్రత్తపడే ఇల్లాలు ఎవరైనా ఆ తొమ్మిది రూపాయలు మారుమాట లేకుండా ఇచ్చేస్తుంది. అవి ఇవ్వవలసిన అవసరం ఉందా, ఉంటే ఏ సరుకుకు, లేకపోతే ఆ డబ్బు దేని మీద పెట్టాలి అన్నది కాస్త ఓపికగా విప్పుకోవలసిన విషయం.

ముందుగా మాటల దగ్గరే ఒక చిక్కు ఉంది. మన ఊళ్లలో సంకరం, హైబ్రిడ్, ఫారం, జీఎం (జన్యుమార్పిడి) అన్న నాలుగు మాటలనూ ఒకే గాటన కట్టి, నాటుది కానిదంతా ఒకటే అన్న అర్థంలో వాడేస్తున్నారు. మార్టేరు పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, వశిష్ట, మసూరి అనే రెండు వరి రకాలను సంకరపరచి, ఆ సంతతిలోంచి తరం తరువాత తరం ఏరి నిలబెట్టిన రకం. ఒక మొక్క పుప్పొడిని మరో మొక్క మీదకు చేర్చడం తప్ప అందులో వేరే జీవి ప్రమేయం లేదు. హైబ్రిడ్ మొక్కజొన్నా అంతే. రైతు ఏటా విత్తనం కొనుక్కోవలసి రావడం భారమే అయినా, ఆ కారణంగా అది జన్యుమార్పిడి పంట అయిపోదు. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు కూడా ఇలాంటి సంకరజాతులే. జన్యుమార్పిడి అంటే ప్రయోగశాలలో వేరొక జీవి జన్యువును పంటలోకి చొప్పించడం. నేలలో ఉండే బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టి, కాయతొలుచు పురుగును చంపే ప్రోటీన్‌ను పత్తి మొక్కే తయారు చేసుకునేలా చేసినందువల్ల దానికి బీటీ పత్తి అన్న పేరు వచ్చింది.

ఈ మధ్య మూడో రకం ఒకటి వచ్చి చేరింది. 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన డీఆర్‌ఆర్ ధాన్ 100, అంటే ‘కమల’, మనకు బాగా తెలిసిన సాంబ మసూరిలోని సొంత జన్యువునే కత్తిరించి సవరించగా వచ్చిన వరి. ఇందులో పరాయి జన్యువు లేదు. ఇలాంటి సవరణను 2022లోనే జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయించారు. దీన్ని కూడా వద్దనుకునేవారికి ఆ హక్కు ఉంది. అయితే జీఎం, జన్యుసవరణ ఒకటి కావని తెలిసి వద్దనుకోవడం మేలు, ఎందుకంటే రేపు మిల్లులో నూకలు కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న దాన్ని బట్టే మారుతుంది.

ఇక చట్టం సంగతి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో చేసిన నిబంధనల ప్రకారం, అనుమతి లేకుండా జన్యుమార్పిడి పంటను ఈ దేశంలో సాగు చేయకూడదు, దిగుమతి చేసుకోకూడదు. ఆ అనుమతి పొంది రైతు పొలంలోకి వచ్చినది 2002 మార్చిలో వచ్చిన బీటీ పత్తి ఒక్కటే. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో ఆపివేశారు. డీఎంహెచ్-11 అనే ఆవాల రకానికి 2022 అక్టోబరులో పర్యావరణ అనుమతి లభించినా, 2024 జులైలో సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు ఇవ్వడంతో అది రైతు చేతికి రాలేదు. దీని అర్థం కోళ్లు పెంచేవారికి చాలా సూటిగా ఉంటుంది: మన దగ్గర పండే మొక్కజొన్న, వరి, గంటెలు (సజ్జలు), చోళ్లు (రాగులు), జొన్న, వేరుశనగ, నువ్వులు, కొబ్బరి, మధ్యప్రదేశ్, మహారాష్ట్రల నుంచి వచ్చే సోయా, ఇవేవీ జన్యుమార్పిడి పంటలు కావు. 2024లో ధరలు పెరిగి మయన్మార్, ఉక్రెయిన్‌ల నుంచి మొక్కజొన్న తెప్పించుకున్నప్పుడు కూడా జన్యుమార్పిడి కాని గింజకే అనుమతి ఇచ్చారు. కాబట్టి ఆ దుకాణంలో కాగితం అతికించిన సంచికి అడిగిన తొమ్మిది రూపాయలు, పక్క సంచిలో కూడా ఉన్న గుణానికే అడిగిన అదనపు ధర. నేను కాగితం లేని సంచే కొన్నాను.

తలుపు తెరుచుకునే చోట్లు

అలాగని జన్యుమార్పిడి పదార్థం కోళ్ల దాణాలోకి రానే రాదని చెప్పలేం. అది వచ్చే దారులు కొన్నే ఉన్నాయి. వాటిని గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటిది పత్తి చెక్క, అంటే గింజ నుంచి నూనె తీశాక మిగిలేది. పల్నాడు, గుంటూరు వైపు నుంచి డెల్టాలోని పాడి గేదెల కోసం విరివిగా వచ్చే ఈ చెక్క దాదాపు అంతా బీటీ పత్తి గింజ నుంచే వస్తుంది. గేదెల కోసం తెచ్చిన సంచిలోంచి ఒక చేరెడు కోళ్లకు కూడా వేయడం చాలా ఇళ్లలో అలవాటు. జన్యువుల మాట పక్కన పెట్టినా ఈ అలవాటు మానుకోవలసిందే. పత్తి గింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. గేదె నాలుగు అరల కడుపు దాన్ని చాలావరకు తట్టుకుంటుంది కానీ కోడికి ఆ శక్తి లేదు. గుడ్ల పెట్టకు అది ఎక్కువైతే నిల్వ ఉన్న గుడ్డులో పచ్చసొన ఆకుపచ్చగా, మట్టిరంగుగా మారుతుంది. పత్తి గింజ నూనెలోని కొన్ని కొవ్వు ఆమ్లాల వల్ల తెల్లసొన గులాబీ రంగుకు తిరుగుతుంది. అంటే మన దేశంలో పండే ఏకైక జన్యుమార్పిడి దాణా, కోడికి ఎలాగూ పెట్టకూడని దాణాయే.

రెండోది దిగుమతి సోయా చెక్క. 2021లో సోయాబీన్ క్వింటాలు ధర పది వేల రూపాయల దాకా ఎగబాకింది; ఆ ఏటి మద్దతు ధర 3,950 రూపాయలు మాత్రమే. కోళ్ల పరిశ్రమ గగ్గోలు పెట్టడంతో కేంద్రం ఆ ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించింది. నూనె తీసి పిండి చేసిన చెక్కలో మొలకెత్తే ప్రాణమున్న గింజ ఏదీ ఉండదు కాబట్టి పర్యావరణపరంగా అభ్యంతరం లేదన్నది అప్పుడు చెప్పిన కారణం. నాటగలిగే గింజకు ఒక నియమం, నాటలేని పిండికి మరో నియమం అన్న ఈ తేడా ముఖ్యమైనది. ధరలు మళ్లీ అలా కట్టు తప్పితే తెరుచుకునేది ఈ తలుపే. కనుక సోయా చెక్క కొనేటప్పుడు మాత్రం సంచి మీద ముద్ర చదవాలి, ఏ రాష్ట్రపు మిల్లులో ఆడించినదో అడగాలి, విడిగా తూచి ఇచ్చే సరుకు కంటే కుట్టు విప్పని సంచిని ఎంచుకోవాలి.

మూడోది తయారుగా దొరికే మిశ్రమ దాణా. ఆ సంచి మీద ప్రోటీన్ ఎంత, పీచు ఎంత, తేమ ఎంత అని సాధారణంగా ఉంటుంది. లోపల ఏ చెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఉండదు. ఇది మోసం కాదు, పెద్ద మిల్లులు వారం వారం ధరలను బట్టి దినుసులు మార్చుకుంటాయి. ఖచ్చితంగా తెలియాలనుకునేవారు మాత్రం దినుసులు విడివిడిగా కొని తామే కలుపుకోక తప్పదు.

జన్యుమార్పిడి దాణా తిన్న కోడి గుడ్డు జన్యుమార్పిడి గుడ్డు అవుతుందా అని చాలామంది అడుగుతారు. అవదు. కోడి కడుపులో ప్రోటీన్, డీఎన్‌ఏ రెండూ మామూలు దాణాలో ఉన్నవి జీర్ణమైనట్లే జీర్ణమైపోతాయి. అనుమతి పొందిన రకాలతో కోళ్ల మీద ఎన్నో దేశాల్లో చేసిన మేపుడు పరీక్షల్లో పెరుగుదలలో కానీ గుడ్లలో కానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయినా జన్యుమార్పిడి వద్దనుకునేవారి కారణాలు తేలికైనవి కావు. కలుపు మందు తట్టుకునేలా చేసిన పంటల మీద ఆ మందు వాడకం పెరగడం, విత్తనం మీద అధికారం కొద్ది చేతుల్లోకి పోవడం, తినేవారికి ఎంచుకునే అవకాశం లేకపోవడం, వీటి మీద ఎవరి నిర్ణయం వారిది. నేనూ నా పెరట్లో వద్దనే అనుకుంటున్నాను. ఆ కోరికను అడ్డం పెట్టుకుని పేదింటివారి దగ్గర పది రూపాయలు అదనంగా గుంజడం నాకు సమ్మతం కాదు.

డెల్టాలో దాణా ఎందుకు కొనవలసి వస్తోంది

మా అమ్మమ్మ కాలంలో ఈ ప్రశ్నే లేదు. సార్వా (ఖరీఫ్ వరి) కుప్పలు నూర్చాక కళ్లంలో రాలిన గింజ, గడ్డివాము అడుగున దొరికే పురుగు, కాలువ గట్టున నత్తలు, ఇంటి కుడితి గోళెం చుట్టూ చిందిన మెతుకు, వీటితో కోళ్లు ఏడాదిలో సగం గడిపేసేవి. ఇప్పుడు కోత యంత్రం చేలోనే గింజను వేరు చేసి ట్రాక్టరులో పోస్తోంది, కళ్లం అన్నదే లేదు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వరి చేలు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారిన చోట రాలే గింజ కూడా లేదు. ఆ చెరువుల్లో చేపలకు చిల్లులు పెట్టిన సంచులను కర్రలకు కట్టి మేపేది నూనె తీసిన తవుడే. ఒకప్పుడు మిల్లువారు అడిగినవారికి ఊరికే ఇచ్చిన తవుడుకు ఇప్పుడు నూనె మిల్లులు, చేపల చెరువులు, పాడి రైతులు, కోళ్లవారు పోటీ. మొక్కజొన్నను ఇథనాల్ కర్మాగారాలు కొనడం మొదలయ్యాక దాని ధరకు కూడా మరో గిరాకీ తోడయింది. దాణా భారానికి మూలం ఇక్కడుంది. జన్యువుల దగ్గర లేదు.

ధరల్లో నిలకడగా పోల్చుకోవడానికి మద్దతు ధరలు ఒక ఆధారం, బజారు ధర వాటికి కొంచెం అటూ ఇటూ ఉన్నా సరే. 2025-26 ఖరీఫ్‌కు క్వింటాలు మొక్కజొన్న 2,400 రూపాయలు, సజ్జలు 2,775, రాగులు 4,886. మన వైపు గంటెలని పిలిచే సజ్జల్లో ప్రోటీన్ మొక్కజొన్న కంటే రెండు మూడు శాతం ఎక్కువ, శక్తి ఇంచుమించు సమానం. మొక్కజొన్న బాగా పెరిగినప్పుడు సగం గంటెలు కలపడం లెక్కకు సరిపోతుంది. చోళ్లు మాత్రం, సంక్రాంతి పుంజులకు పెట్టే ఆనవాయితీ ఎంత బలమైనదైనా, గుడ్ల పెట్టకు పెట్టేంత చవక కాదు. వీటన్నిటికంటే డెల్టాలో అందుబాటులో ఉన్నది నూక. మిల్లు నూకలో ప్రోటీన్ ఎనిమిది శాతం దాకా ఉంటుంది, కోడికి బాగా అరుగుతుంది. లోపం ఒక్కటే: అందులో పసుపు రంగు లేదు కాబట్టి పచ్చసొన పాలిపోతుంది, కొనేవారు దాన్ని ఫారం గుడ్డు అంటారు. రోజూ కాస్త మునగాకు, అవిశాకు, తోటకూర తరిగి వేస్తే వారంపదిరోజుల్లో రంగు తిరిగి వస్తుంది.

ఖరీదు గింజ దగ్గర కాదు, ప్రోటీన్ దగ్గర పడుతుంది. చెక్కల ధరలను కిలో లెక్కన పోల్చడం వల్ల చాలామంది నష్టపోతున్నారు. పోల్చవలసింది కిలో ప్రోటీన్ ఎంతకు వస్తోందన్నది. సోయా చెక్క 48 రూపాయలు, కొబ్బరి చెక్క 30, తవుడు 22 అనుకుందాం. సోయాలో ప్రోటీన్ 45 శాతం, కొబ్బరిలో 21, తవుడులో 12 గా తీసుకుంటే కిలో ప్రోటీన్ వరుసగా 107, 143, 183 రూపాయలకు వస్తుంది. చూడటానికి అన్నిటికంటే ఖరీదైన సోయాయే ఈ లెక్కలో అన్నిటికంటే చవక. మీ ఊరి ధరలు పెట్టి ఇదే భాగహారం చేసి చూడవచ్చు. అంబాజీపేట చుట్టుపక్కల నూనె మిల్లుల దగ్గర కొబ్బరి చెక్క నేరుగా దొరికే కోనసీమలో ఫలితం తారుమారు కావచ్చు. అయితే దానిలో పీచు ఎక్కువ, లైసిన్ అనే ముఖ్యమైన అమైనో ఆమ్లం తక్కువ కాబట్టి మొత్తం దాణాలో పదో వంతు మించకుండా చూసుకోవాలి.

మా ఇంట్లో పదికిలోల లెక్కన కలిపే దాణా ఇది: నూకలు నాలుగు కిలోలు, తవుడు రెండు, సోయా చెక్క కిలో ఏడు వందల గ్రాములు, మొక్కజొన్న రవ్వ ఒక కిలో, ఉప్పు పట్టించని ఎండుచేపల పొడి అర కిలో, గుల్లల పొడి ఎనిమిది వందల గ్రాములు. ప్రోటీన్ పదహారున్నర శాతం పైన, కాల్షియం మూడు శాతం వస్తాయి. గుడ్లు పెట్టే పెట్టకు అది చాలు. చిన్న పిల్లలకు మాత్రం ఇది పెట్టకూడదు, ఎందుకంటే అంత కాల్షియం వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది; వాటికి గుల్ల పొడి తీసేసి, సోయా పెంచి, ప్రోటీన్ ఇరవై శాతానికి తేవాలి. బయట తిరిగి మేసే పెట్టకు రోజుకు యాభై గ్రాములు, కట్టిపెట్టి పెంచే పెట్టకు నూరు గ్రాములు పైన కావాలి.

ఇప్పుడు జన్యుమార్పిడి లేని సోయాకు కిలోకు పది రూపాయలు అదనంగా ఇవ్వవలసి వచ్చిందనే అనుకుందాం. బయట తిరిగే ఇరవై పెట్టలకు రోజుకు కిలో దాణా చొప్పున నెలకు ముప్పై కిలోలు, అందులో సోయా ఐదు కిలోలు. అదనపు భారం నెలకు యాభై రూపాయలు. ఒక్క ఎలుక దాణా డబ్బాలో చేరితే, ఒక్క సంచి చెమ్మకు గురైతే పోయే డబ్బు దీనికంటే ఎక్కువ. అసలు ఇబ్బంది ఇంకో చోట ఉంది: యాభై కిలోల కుట్టు సంచి కొంటే ఇరవై పెట్టలకు అది పది నెలలు వస్తుంది, డెల్టా గాలిలో అంతకాలం నిలవదు. విడిగా కొంటే ఎక్కడిదో తెలియదు. అందుకని డ్వాక్రా సంఘంలో కోళ్లున్న నాలుగైదు ఇళ్లవారు కలిసి ఒక సంచి కొని, అదే రోజు పంచుకోవడం తప్ప నాకు మరో మెరుగైన ఉపాయం కనబడలేదు. మా వీధిలో మేము ఐదిళ్లవాళ్లం రెండేళ్లుగా అలాగే చేస్తున్నాం.

కోడిని నిజంగా చంపేది

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతు తెలియని జబ్బుతో చనిపోతే, చివరికి కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కకు పట్టిన బూజు అని తేలింది. ఆ బూజు విడిచే విషానికే ఆఫ్లటాక్సిన్ అన్న పేరు పెట్టారు. అది కంటికి కనబడదు, వండితే పోదు, కాలేయాన్ని తినేస్తుంది. బాతులకు కోళ్ల కంటే ప్రమాదకరం. గోదావరి గాలిలో తేమకు, తుపాను ముసుర్లకు ఈ బూజు కంటే పెద్ద శత్రువు మన దాణాకు లేదు. ఇథనాల్ తీయగా మిగిలిన డీడీజీఎస్ అనే పిప్పి ప్రోటీన్ ఎక్కువ ఉండి చవకగా వస్తోంది. గింజలోని పిండి పదార్థమంతా పోయి మిగతావన్నీ చిక్కబడటం వల్ల, గింజలో విషం ఉంటే పిప్పిలో దాదాపు మూడింతలు అవుతుంది. పేరు తెలియని పిప్పిని పెరటి కోళ్లకు నేను పెట్టను.

గింజ ఆరిందో లేదో చూడటానికి ఒక పాత పద్ధతి ఉంది. పూర్తిగా ఆరిన గాజు సీసాలో మూడో వంతు మొక్కజొన్న, రెండు మూడు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత బిగించి, నిమిషం సేపు ఊపి, పావుగంట పక్కన పెట్టాలి. ఉప్పు గాజుకు అంటుకుంటే గింజలో తేమ పదిహేను శాతం దాటినట్టు, నిల్వకు పనికిరాదు. రాలి అడుగుకు చేరితే కొనవచ్చు. ఆ రోజు దుకాణంలో నేను ఈ పరీక్ష రెండు సంచుల గింజలతోనూ చేశాను. కాగితం అతికించిన సంచి గింజ వేసిన సీసాలో భుజం దాకా తెల్లగా ఉప్పు పొర కట్టింది. కాగితం లేనిదాంట్లో ఉప్పంతా అడుగునే ఉంది.

తవుడు విషయంలో నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒక శ్రావణమాసంలో చవకగా వస్తోందని ఒక మిల్లు నుంచి రెండు సంచుల తవుడు తెచ్చి, వసారాలో గోడకు ఆనించి పెట్టాను. మూడో వారానికి గుడ్లు రోజుకు పన్నెండు నుంచి ఐదుకు పడిపోయాయి. తెగులేమో అని భయపడి పశువైద్యుడిని పిలవబోతుంటే, మా అత్తగారు సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, “అమ్మాయ్, ఇది తవుడా, మాడిన నూనా?” అన్నారు. సంచి లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, పిడికిలి విప్పితే పొడి రాలలేదు, ముద్ద కట్టింది. వడ్లు ఆడించిన క్షణం నుంచే పచ్చి తవుడులో ఒక ఎంజైము నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. వానాకాలంలో పదిరోజులు దాటితే అది మాడిన నూనె వాసన వేస్తుంది, కోడి ముట్టదు, ముట్టినా విటమిన్లు నశిస్తాయి. ఉప్పుడు బియ్యం మిల్లు తవుడులో ఆ ఎంజైము ఆవిరికే చచ్చిపోతుంది కాబట్టి అది ఎక్కువ కాలం నిలుస్తుంది. కేరళకు ఉప్పుడు బియ్యం పంపే మిల్లులు మన జిల్లాల్లో చాలానే ఉన్నాయి, అక్కడ అడిగి కొనడం మంచిది. పచ్చి తవుడే దొరికితే వారానికి సరిపడా మించి తేకూడదు.

విత్తనాల కోసం మందు పట్టించిన మొక్కజొన్న, వడ్లు మిగిలిపోతే కోళ్లకు చల్లే అలవాటు కూడా ప్రాణాంతకమే. గింజ మీద ఎరుపు, గులాబీ రంగు కనిపిస్తే అది విషం పూత అని గుర్తు.

చుట్టుపక్కల దొరికే ప్రోటీన్

నీటి మీద తేలుతూ పెరిగే అజొల్లా అనే చిన్న మొక్క గురించి చాలా గొప్పగా చెబుతారు కాబట్టి దాని లెక్క కూడా చూడాలి. ఎండిన అజొల్లాలో ప్రోటీన్ ఇరవై నుంచి ఇరవై ఐదు శాతం ఉన్న మాట నిజమే, కానీ పచ్చి అజొల్లాలో తొంభై నాలుగు శాతం నీరే. కిలో పచ్చి అజొల్లాలో దక్కేది పన్నెండు నుంచి పదిహేను గ్రాముల ప్రోటీన్. కిలో సోయాకు బదులు ముప్పై కిలోలకు పైగా అజొల్లా కావాలి. కొబ్బరి చెట్ల నీడలో ఒక మడి వేసుకుంటే ఆకుకూరగా, పచ్చసొన రంగుకు ఉపయోగపడుతుంది. దాణా ఖర్చు సగం తగ్గుతుందని నమ్మి సోయా మానేస్తే గుడ్లు ఆగిపోతాయి.

తెలకపిండి కథ వేరు. బాలింతలకు కూర వండి పెట్టే ఈ నువ్వుల చెక్కలో సోయాలో తక్కువగా ఉండే మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం పుష్కలంగా ఉంటుంది. మనుషులు తినేది కాబట్టి ధర ఎక్కువ. గానుగ దగ్గర కూరకు పనికిరాని ముక్కలు, పొడి దొరికితే సోయాలో మూడో వంతు తీసి దీన్ని కలపవచ్చు. నరసాపురం, అంతర్వేది, ఉప్పాడ తీరాల్లో ఇసుక మీద ఎండబెట్టే చిన్న చేపలు మంచి ప్రోటీనే, అయితే ఉప్పు పట్టించినవి వద్దు. ఒక ముక్క నాలుక మీద పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఐదు శాతం దాటితే గుడ్డు నీచు వాసన వేస్తుంది. కాలువ కట్టేసిన వేసవిలో ఏరుకొచ్చే నత్తలను ఉడకబెట్టి, చిప్పతో సహా దంచి వేస్తే ప్రోటీన్, కాల్షియం రెండూ ఊరికే దొరుకుతాయి. పచ్చివి వేస్తే వాటి ద్వారా పరాన్నజీవులు చేరతాయి.

అనపర్తి, తణుకు వైపు లేయర్ ఫారాల్లో చాలావరకు దాణా సొంతంగానే మరాడించుకుంటారు. తెలిసిన ఫారం యజమాని ఉంటే వారు తెప్పించే సోయాలోనే మన వాటా కొనుక్కోవచ్చు, ధరా తగ్గుతుంది, మూలమూ తెలుస్తుంది. అయితే వారి పాత సంచులు మాత్రం ఇంటికి తేకూడదు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పటి నుంచి మేము కొత్త సంచి తీసుకెళ్లి, ఫారం గేటు బయటే తూకం వేయించుకుని, ఇంటికి రాగానే చెప్పులు కడుక్కుంటున్నాం.

గుడ్లు ఇంటికే వాడుకునేవారికి ఇంతవరకు చాలు. ‘జన్యుమార్పిడి లేని దాణాతో’ అని చెప్పి అమ్ముకునేవారికి మాత్రం మాట సరిపోదు. సేంద్రియ ధ్రువీకరణ నియమాలు జన్యుమార్పిడి దాణాను పూర్తిగా నిషేధిస్తాయి కాబట్టి సోయా సంచి మీది చీటీని, బిల్లును, కొన్న తేదీని ఒక పుస్తకంలో అతికించి ఉంచాలి. మా ఐదిళ్ల పుస్తకంలో మొదటి పేజీ మీద ఉన్నది సోయా బిల్లు. దాని కిందే, అదే తేదీన, సీసాలో ఉప్పు అంటుకుందా లేదా అని ఎవరు పరీక్షిస్తే వారి సంతకం.